‘ప్రెజెంట్’ అనే మాటని లైను చివర ఎక్కడ విరవాలి, దాని అర్థం ఎలా రాయాలి?

గుణుపురం దగ్గర ఒక బడిలో ఇంగ్లిష్ చెప్పే మాస్టారు అడిగిన ప్రశ్న ఇది. ఆరో తరగతి పిల్లల కోసం ఇంగ్లిష్, తెలుగు, ఒడియా మూడు భాషల్లో ఒక చిన్న పదకోశం తయారు చేస్తున్నారు. పేజీకి మూడు కాలమ్స్. కాలమ్ ఇరుకు కావడంతో ఇంగ్లిష్ మాటలు లైను చివర విరుగుతున్నాయి. ‘ప్రెజెంట్’ అనే మాటకి ఒకే డిక్షనరీలో ఒకచోట ఎస్ తర్వాత, ఇంకోచోట ఎస్ ముందు చుక్క పెట్టి ఉందట. ఏది రైటు, అర్థం పిల్లలకి తెలిసేలా పొట్టిగా ఎలా రాయాలి అని అడిగారు.

మాస్టారూ, రెండూ రైటే. మీ డిక్షనరీలో అచ్చుతప్పేమీ లేదు. మీరు రెండు ప్రశ్నలు అడిగాననుకుంటున్నారు గానీ, నిజానికి అవి ఒకటే. ఈ మాటకి అర్థం ఏమిటో తేలితేనే విరుపు ఎక్కడో తేలుతుంది. అందుకని ముందు అర్థాలు రాసుకోండి, గీత సంగతి ఆ తర్వాత చూడండి. బరంపురంలో మూడు భాషలూ కలిసి అచ్చయ్యే పుస్తకాలకి ప్రూఫులు దిద్దడమే నా పని. పదకోశాలు తెచ్చే వాళ్లందరికీ నేను ముందు చెప్పేది ఇదే.

ఇంగ్లిష్ అక్షరాలని వాటి పేర్లతోనే రాస్తాను. మధ్యలో అడ్డగీత ఉంటే అక్కడ విరుపు అనుకోండి.

‘కానుక’ అనే అర్థంలోనూ, ‘హాజరైన’, ‘ఇప్పటి’ అనే అర్థాల్లోనూ ఈ మాటలో మొదటి భాగాన్ని నొక్కి పలుకుతారు. అప్పుడు విరుపు పి ఆర్ ఇ ఎస్ - ఇ ఎన్ టి. అదే ‘సమర్పించు, బహూకరించు’ అనే క్రియ అయితే నొక్కు రెండో భాగం మీదికి పోతుంది. ‘ప్రిజెంట్’ అన్నట్టు వినబడుతుంది. అప్పుడు విరుపు పి ఆర్ ఇ - ఎస్ ఇ ఎన్ టి. స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం కూడా మారలేదు, విరుపు మాత్రం మారింది. కారణం సులువే. ఇంగ్లిష్‌లో నొక్కి పలికే పొట్టి అచ్చు తన వెనకాల వచ్చే హల్లుని తన దగ్గరే ఉంచుకుంటుంది. నొక్కు లేని అచ్చు, లేదా సాగదీసి పలికే అచ్చు, ఆ హల్లుని తర్వాతి భాగానికి వదిలేస్తుంది.

ఈ ఒక్క సంగతి పట్టుబడితే ఇలాంటి మాటలు బోలెడు దారిలో పడతాయి. రికార్డ్: నామవాచకం అయితే ఆర్ ఇ సి - ఓ ఆర్ డి, ‘నమోదు చేయడం’ అయితే ఆర్ ఇ - సి ఓ ఆర్ డి. ఎడారి అనే అర్థంలో డి ఇ ఎస్ - ఇ ఆర్ టి, ‘విడిచిపెట్టి పోవడం’ అనే క్రియలో డి ఇ - ఎస్ ఇ ఆర్ టి. నిమిషం అయితే ఎం ఐ ఎన్ - యు టి ఇ, అదే స్పెల్లింగ్‌తో ‘అతి సూక్ష్మమైన’ అనే విశేషణం అయితే ఎం ఐ - ఎన్ యు టి ఇ. చెత్తాచెదారం అనే అర్థంలో ఆర్ ఇ ఎఫ్ - యు ఎస్ ఇ, ‘వద్దనడం’ అయితే ఆర్ ఇ - ఎఫ్ యు ఎస్ ఇ. ప్రాజెక్ట్, ప్రోగ్రెస్ కూడా ఇదే తీరు.

ఆబ్జెక్ట్, కండక్ట్, పర్మిట్ లాంటి వాటిలో కూడా అర్థాన్ని బట్టి నొక్కు చోటు మారుతుంది. కానీ వాటిలో రెండు అచ్చుల మధ్య రెండు హల్లులున్నాయి. చెరొకటి చెరో వైపు పోతాయి కాబట్టి విరుపు మారదు. ఓ బి - జె ఇ సి టి అన్నది నామవాచకానికీ అదే, క్రియకీ అదే. కాబట్టి మీరు జాగ్రత్తపడాల్సింది మధ్యలో ఒక్క హల్లే ఉన్న మాటల దగ్గర.

మన దగ్గర ఈ తప్పు ఎందుకు ఎక్కువ దొర్లుతుందో కూడా చెప్పాలి. మన లిపిలో హల్లు తర్వాతి అచ్చుతో కలిసి ఒక అక్షరం అవుతుంది. ‘ప్రెజెంట్’ అని తెలుగులో రాయగానే ప్రె ఒకటి, జెం ఒకటి. చెవి కూడా అలాగే అలవాటు పడింది. ఒడియా లిపి కూడా ఈ పద్ధతిలోదే. అందుకని తెలుగు చేతికీ, ఒడియా చేతికీ సహజంగా వచ్చేది ప్రతిసారీ పి ఆర్ ఇ దగ్గర విరవడమే. క్రియకి అది సరిపోతుంది, కానుకకి సరిపోదు. పైగా చాలా పాత తెలుగు అచ్చు పుస్తకాల్లో లైను నిండితే మాటని ఏదో ఒక అక్షరం దగ్గర విరిచి, గీత కూడా లేకుండా కింది లైనుకి దించేసేవారు. ఒత్తునీ గుణింతాన్నీ విడదీయకపోతే చాలు, చదివేవాళ్లకి ఇబ్బంది ఉండదు. ఆ అలవాటు ఇంగ్లిష్‌కి పనికిరాదు. లైను చివర ఉన్న ముక్కని చూసి, మాట ఎలా పలకాలో ఇంగ్లిష్ పాఠకుడు ముందే ఊహించేసుకుంటాడు.

ఇది మన ఒక్కరి ఇబ్బందే అనుకోకండి. ఇంగ్లిష్ బడి పుస్తకాల్లో కూడా ఒకప్పుడు హల్లుని తర్వాతి అచ్చుకే కట్టబెట్టేవారు. హ్యాబిట్‌ని హెచ్ ఎ - బి ఐ టి అని, క్లస్టర్‌ని సి ఎల్ యు - ఎస్ టి ఇ ఆర్ అని విడదీసి పిల్లల చేత చదివించేవారు. అమెరికాలో నోవా వెబ్‌స్టర్ 1783లో తెచ్చిన స్పెల్లింగ్ పుస్తకంలో దీన్ని తప్పుపట్టాడు. నోట ఎలా పలుకుతామో అలాగే విడదీయాలి, అప్పుడే పిల్లవాడికి ఉచ్చారణ వస్తుందని వాదించాడు. ఆ తర్వాత అమెరికన్ డిక్షనరీలు ఆ దారినే పోయాయి. బ్రిటిష్ వాళ్లు మాట పుట్టుకకి, అందులోని ముక్కలకి ఎక్కువ విలువ ఇస్తారు. అందుకే నాలెడ్జ్ అనే మాటని అమెరికన్ పద్ధతిలో ఎల్ తర్వాత, బ్రిటిష్ పద్ధతిలో డబ్ల్యు తర్వాత విరుస్తారు. డెమోక్రసీ కూడా అంతే. బ్రిటిష్ పద్ధతిలో డి ఇ ఎం ఓ దాకా ఒక ముక్క, అమెరికన్ పద్ధతిలో సి కూడా మొదటి ముక్కలోకే వచ్చేస్తుంది. మీ పుస్తకానికి ఏదో ఒక డిక్షనరీ పెట్టుకుని చివరిదాకా దాన్నే పట్టుకోండి. రెండు డిక్షనరీలు ముందేసుకుంటే ప్రతి పేజీకీ టెన్షనే.

కంప్యూటర్ చూసుకుంటుంది కదా అంటారేమో. చూసుకుంటుంది, కానీ ఇలాంటి మాట దగ్గర దానికి దారి లేదు. స్టాన్‌ఫర్డ్‌లో ఫ్రాంక్ లియాంగ్ అనే విద్యార్థి 1983లో తన పరిశోధన గ్రంథాన్ని ఈ విషయం మీదే రాశాడు. ఆయన పద్ధతి డొనాల్డ్ క్నూత్ తయారుచేసిన టెక్ అనే అచ్చుకూర్పు ప్రోగ్రామ్‌లో చేరింది. అందులో ఇంగ్లిష్ కోసం 4447 అక్షరాల నమూనాలుంటాయి. ఏ అక్షరాల గుంపులో విరవచ్చో, ఎక్కడ విరవకూడదో వాటిని బట్టి లెక్క కడుతుంది. ఇవి కాక, నమూనాలకి లొంగని 14 మాటల జాబితా ఒకటి విడిగా ఉంది. మీరడిగిన ‘ప్రెజెంట్’ ఆ జాబితాలో ఉంది, ‘ప్రాజెక్ట్’ కూడా ఉంది. ఆ రెండిటికీ అక్కడ ఇచ్చిన విరుపు ఏమిటంటే, అసలు ఎక్కడా విరవొద్దని. అది కానుకో, సమర్పించడమో కంప్యూటర్ చెప్పలేదు. చెప్పలేనప్పుడు విరవకపోవడమే మేలని వాళ్లు తేల్చారు. అంత ఆలోచించినవాళ్లే అలా తేల్చారంటే, మనం కూడా ఇరుకు లేనప్పుడు ఈ మాట జోలికి పోకుండా ఉండటమే మంచిది.

ఇక అర్థం దగ్గరికి వద్దాం. అసలు కష్టపడాల్సింది ఇక్కడే.

ఈ మాట లాటిన్ నుంచి వచ్చింది. ‘ముందు’ అనే మాటా, ‘ఉండటం’ అనే మాటా కలిసి అయింది. తెలుగులో ‘ఎదుట’ అనే ఒక్క మాట మనసులో పెట్టుకుంటే దీని అర్థాలన్నీ వరసగా వచ్చి కూర్చుంటాయి. ఎదుట ఉన్న మనిషి హాజరైనవాడు. ఎదుట ఉన్న కాలం ఇప్పటి కాలం. ఒకరి ఎదుట పెట్టిన వస్తువు కానుక. ఈ అర్థం పాత ఫ్రెంచిలోంచి వచ్చింది. ఒకరి ఎదుట పెట్టడం సమర్పించడం. నాలుగు అర్థాలనీ నాలుగు వేరే మాటల్లా బట్టీపట్టించనక్కర్లేదు. బోర్డు మీద ‘ఎదుట’ అని రాసి, దాని చుట్టూ నాలుగూ రాస్తే పిల్లలకి ఒక్క క్లాసులో వచ్చేస్తుంది.

వరస మాత్రం పిల్లల వైపు నుంచి పెట్టండి. పెద్ద డిక్షనరీలకి వాటి వాటి వరసలుంటాయి. కొన్ని చరిత్రని బట్టి, కొన్ని వాడుక ఎంత ఎక్కువన్నదాన్ని బట్టి పెడతాయి. మీ పిల్లలకి ఈ మాట ముందే తెలుసు, రోజూ పొద్దున హాజరు పిలిచేటప్పుడు ‘ప్రెజెంట్ సార్’ అంటారు. ఆ అర్థమే మొదట రావాలి. తర్వాత కానుక. పెళ్లిళ్లలో ‘ప్రెజెంటేషన్’ అని మనవాళ్లు అనడం వాళ్లు వినే ఉంటారు. ఆ తర్వాత ‘ఇప్పటి’. క్రియ చివర.

నేనైతే ఇలా రాస్తాను:

ప్రెజెంట్, విశేషణం, మొదటి భాగం నొక్కి పలకాలి, ఎస్ తర్వాత విరుపు. ఒకటి: పిలిచినప్పుడు, లేదా ఒక పని జరిగినప్పుడు, అక్కడే ఉన్న. ‘ఈరోజు క్లాసుకి అందరూ వచ్చారు.’ రెండు: ఇప్పుడు ఉన్న, ఇప్పుడు జరుగుతున్న. ‘ఇప్పటి హెడ్‌మాస్టారు.’

ప్రెజెంట్, నామవాచకం, నొక్కూ విరుపూ పైన చెప్పినట్టే. పుట్టినరోజుకో పెళ్లికో ఒకరికి ప్రేమగా ఇచ్చే వస్తువు, కానుక. ‘పుట్టినరోజుకి మామయ్య పెన్ను కానుకగా ఇచ్చాడు.’

ప్రెజెంట్, క్రియ, రెండో భాగం నొక్కి పలకాలి, ఎస్ ముందు విరుపు. అందరి ముందూ మర్యాదగా ఒకరికి ఇవ్వడం. ‘కలెక్టరు గారు గెలిచినవాళ్లకి కప్పు అందజేశారు.’

ఉదాహరణ వాక్యాలు ఇంగ్లిష్ కాలమ్‌లో ఇంగ్లిష్‌లోనే ఉంటాయి, ఇక్కడ వాటి భావం రాశాను. చూడండి, ‘ప్రెజెంట్ అంటే వర్తమానం’ అని నేను రాయలేదు. ఎందుకంటే తెలుగులో ‘వర్తమానం పంపాడు’ అంటే కబురు పంపాడని కదా. ఒడియాలో ‘బర్తమాన’ అంటే ఇప్పుడు అనే అర్థం. మీ బడిలో చాలామంది పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో ఒడియా చదువుతారు. పక్కపక్క కాలమ్స్‌లో ఒకేలా కనిపించే సంస్కృత మాటలు పెడితే, ఒడియాలో తెలిసిన అర్థాన్నే తెలుగు మాటకీ అంటగడతారు. ‘ఉపన్యాసం’ దగ్గర ఇది బాగా తెలుస్తుంది. మనకి అది ప్రసంగం, ఒడియాలో నవల. అందుకని తెలుగు కాలమ్‌లో ఇంట్లో వినబడే మాటే వేయండి: ‘హాజరు’, ‘ఇప్పటి’, ‘కానుక’. ఒడియా కాలమ్‌లో ‘ఉపస్థిత’, ‘బర్తమాన’, ‘ఉపహార’ ఉండనివ్వండి, ఆ పిల్లలకి బడి పుస్తకాల్లో అవే ఎదురవుతాయి.

మీ పక్క జిల్లాలోనే దీనికి పెద్ద దాఖలా ఉంది. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉంటూ సవరల నోట విని సవర భాష నేర్చుకున్నారు. ఆ భాషకి 1931లో వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లిష్ నిఘంటువు తెచ్చారు. మాట్లాడేవాళ్ల నోట ఉన్న మాటనే కాగితం మీద పెట్టాలన్నది ఆయన జీవితమంతా పట్టుకున్న విషయం. ఆయన పని చేసిన చోట పిల్లలకి పదకోశం రాస్తూ, ఇంట్లో ఎవరూ అనని మాటలు తెలుగు కాలమ్‌లో వేయడం నాకు ఎంతమాత్రం నచ్చదు.

అర్థం రాసేటప్పుడు పట్టించుకోవాల్సింది ఇంకొకటి ఉంది. అసలు మాట కన్నా అర్థం కష్టంగా ఉండకూడదు. శామ్యూల్ జాన్సన్ 1755 నాటి డిక్షనరీలో నెట్‌వర్క్‌కి ఇచ్చిన నిర్వచనం అందరికీ గుర్తుండిపోయింది. ఎందుకంటే అందులో లాటిన్ నుంచి వచ్చిన బరువైన మాటలున్నాయి, వాటికి మళ్లీ డిక్షనరీ చూడాలి. మైకేల్ వెస్ట్ దీనికి ఎదురుదారి పట్టాడు. ఆయన బెంగాల్‌లో, ఢాకాలో పిల్లలకి ఇంగ్లిష్ ఎలా చెప్పాలన్న దాని మీద పని చేసినవాడు. 1935లో వచ్చిన ఆయన డిక్షనరీలో అర్థాలన్నీ 1490 మాటలతోనే రాశారు. మీకు అంత లెక్క అక్కర్లేదు. మీ అర్థంలో వాడిన ప్రతి మాటా అయిదో తరగతి పిల్లవాడికి తెలుసా అని చూసుకుంటే చాలు. 1987లో వచ్చిన కోబిల్డ్ డిక్షనరీ అర్థాన్ని పూర్తి వాక్యంగా రాసింది, ‘మీరు ఒకరికి ఇది చేస్తే...’ అన్నట్టు. క్రియలకి ఈ పద్ధతి బాగుంటుంది, నామవాచకాలకి అంత అవసరం లేదు.

రాశాక సరిచూసుకోడానికి ఒక పద్ధతి ఉంది. ఉదాహరణ వాక్యంలో ఆ మాట తీసేసి మీ అర్థాన్ని అక్కడ పెట్టి చదవండి. వాక్యం నిలబడితే అర్థం సరైన రూపంలో ఉన్నట్టే. విశేషణానికి ‘హాజరు’ అని ఒక్క మాట రాసి వదిలేస్తే నిలబడదు, ‘హాజరైన’ అనో ‘అక్కడే ఉన్న’ అనో రాస్తే నిలబడుతుంది.

విరుపుల గురించి మిగిలినవి తొందరగా చెబుతాను. ఒకే ఊపులో పలికే మాట ఎంత పొడుగున్నా విరగదు. స్ట్రెంగ్త్‌లో ఎనిమిది అక్షరాలున్నా అంతే. వాక్డ్, జంప్డ్ లాంటి వాటిలో చివరి ఇ డి విడిగా పలకదు కాబట్టి దాన్ని విడదీయకూడదు. ఒక్క అక్షరాన్ని లైను చివర ఒంటరిగా వదలొద్దు. అబౌట్‌లో మొదటి ఎ విడిగా పలికినా అక్కడ విరవరు. రన్నింగ్‌లో రెండు ఎన్‌ల మధ్య విరవాలి. కానీ ఫాలింగ్, టెల్లింగ్‌లలో అసలు మాటలోనే రెండు ఎల్‌లున్నాయి కాబట్టి రెండో ఎల్ తర్వాత. మదర్-ఇన్-లా లాంటి వాటిలో ఉన్న గీత దగ్గరే విరవాలి, కొత్త గీత పెట్టకూడదు. వరసగా మూడు లైన్ల చివర గీతలు రానివ్వకండి.

లెజెండ్ దగ్గర ఒక చిక్కుంది. పద్ధతి ప్రకారం విరుపు ఎల్ ఇ జి తర్వాతే, కానీ అలా విరిస్తే చదివేవాడికి మొదట ‘లెగ్’, అంటే కాలు అనే మాట, కనబడుతుంది. అలాంటప్పుడు విరవకుండా మొత్తం మాటని కిందికి దించేయండి. రికవర్‌ని ఆర్ ఇ దగ్గర విరిస్తే ‘మళ్లీ కప్పడం’ అనే వేరే మాటగా పొరబడతారు. దాన్ని వి తర్వాత విరవండి.

అచ్చు విషయంలో మీకు ఖచ్చితంగా చెప్పేది ఒకటుంది. పిల్లల పదకోశంలో మొదట బోల్డ్‌లో వచ్చే మాటని ఎప్పుడూ విరవొద్దు. స్పెల్లింగ్ నేర్చుకునేది దాన్ని చూసే. విరుపు చూపించాలంటే మాట మధ్యలో చుక్క పెట్టండి, గీత వద్దు. గీత పెడితే అది స్పెల్లింగ్‌లో భాగమే అనుకుని పిల్లలు నోటుపుస్తకంలో దాన్ని కూడా రాస్తారు. అర్థాలున్న కాలమ్‌ని కుడివైపు సమానంగా సర్దకుండా ఎడమకి ఆనించి వదిలేస్తే సగం విరుపులు వాటంతటవే పోతాయి.

డీటీపీ చేసే అబ్బాయికి ఇంకో మాట చెప్పండి. అను ఫాంట్లతో తెలుగు, ఆకృతి ఫాంట్లతో ఒడియా కొడితే, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రామ్ దాన్ని ఇంగ్లిష్ అక్షరాలనే అనుకుంటుంది. లైను చివర మాటల్ని దానంతటదే విరిచే హైఫనేషన్ ఆన్‌లో ఉంటే తెలుగు మాటల మధ్యలోనూ గీతలు పెట్టేస్తుంది, గుణింతం ఒక లైనులో, అక్షరం ఇంకో లైనులో పడతాయి. మూడు భాషలకీ మూడు పేరా స్టైల్స్ చేసి, తెలుగుకీ ఒడియాకీ హైఫనేషన్ ఆఫ్ చేయమనండి. ఇంగ్లిష్‌లో ఒక మాటని మీరు చెప్పిన చోటే విరవాలంటే మామూలు గీత కొట్టకూడదు. వర్డ్‌లో కంట్రోల్‌తో గీత, ఇన్‌డిజైన్‌లో కంట్రోల్, షిఫ్ట్‌తో గీత కొడితే, అవసరమైతేనే కనబడే గీత వస్తుంది. మామూలు గీత కొట్టేస్తే, రేపు కాలమ్ వెడల్పు మారినప్పుడు ఆ గీత లైను మధ్యలోకి వచ్చి కూర్చుంటుంది.

ప్రూఫు చేతికొచ్చాక మామూలుగా ఒకసారి చదవండి. రెండోసారి చదవకుండా, ఇంగ్లిష్ కాలమ్ కుడి అంచున స్కేలు పెట్టి పైనుంచి కిందికి లైను చివర్లు మాత్రమే చూస్తూ రండి. గీత కనబడ్డ ప్రతిచోటా ఆగి, ఆ వాక్యం మొత్తం చదివి, అది నామవాచకమో క్రియో చూసుకున్నాకే టిక్కు పెట్టండి.